ఇంజినీరింగ్ చదువులో అసలు లోపం ఎక్కడుంది? ముందుగా ఏది మారాలి?

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో ఉంటున్న ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల అబ్బాయి ప్లస్ టూ సైన్సు పూర్తి చేశాడు. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. ఇంజినీరింగ్ చదివిన చుట్టాల పిల్లలు ముగ్గురు ఖాళీగా తిరుగుతున్నారట. "తప్పు సిలబస్‌దా, మాస్టార్లదా, పిల్లలదా? ఏది మారితే ఈ చదువు బాగుపడుతుంది? అది మారేదాకా మావాణ్ని ఏం చెయ్యమంటారు?" అని అడిగారు.

నేను ఎలక్ట్రికల్ ఇంజినీరుని. మొదట ఆరేళ్లు ఒక ఫ్యాక్టరీలో మోటార్ల మెయింటెనెన్స్ చూశాను. ఆ తర్వాత పంతొమ్మిదేళ్లుగా గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లోని ప్రైవేటు కాలేజీల్లో పాఠాలు చెబుతున్నాను. నా రోజులు ఎక్కువగా గడిచింది మెషీన్స్ ల్యాబ్‌లో. కాబట్టి నా జవాబు కూడా అక్కణ్నుంచే వస్తుంది.

ముందు సూటిగా చెబుతాను. అబ్బాయికి ఇష్టముంటే చేర్పించండి. అయితే కాలేజీ బిల్డింగు, బ్రాంచి పేరు చూసి కాదు, ల్యాబ్ చూసి చేర్పించండి. ఇక లోపం ఎక్కడంటారా, పరీక్షలో ఉంది. పిల్లవాడు ఏం రాయగలడో కొలుస్తున్నాం. ఏం చేయగలడో కొలిచేవాళ్లు లేరు. దేనికి మార్కులు వేస్తామో కాలేజీ అదే నేర్పుతుంది, పిల్లలూ అదే చదువుతారు. అందుకే ముందు మారాల్సింది ప్రాక్టికల్ పరీక్ష అంటాను. సిలబస్ తర్వాత సంగతి.

నేనిలా ఎందుకంటున్నానో తెలియాలంటే ఒక ప్రాక్టికల్ పరీక్ష రోజు ఎలా ఉంటుందో చెప్పాలి.

డీసీ షంట్ మోటారు మీద స్విన్‌బర్న్ టెస్ట్ అని ఒకటుంది. మోటారుని ఏ లోడూ లేకుండా తిప్పి, అది తీసుకునే కరెంటుని బట్టి నష్టాలు లెక్కగట్టడం. ఒక కుర్రాడి రికార్డు, అంటే ప్రయోగాల నోటుపుస్తకం తెరిచాను. రాత ముత్యాల్లా ఉంది, గ్రాఫు పొందిగ్గా ఉంది, లెక్క కూడా సరిపోయింది. కానీ ఆ రీడింగులు మా ల్యాబ్‌లో ఉన్న మోటారువి కావు. ఆ నేమ్‌ప్లేటు ఉన్న మోటారు కాలిపోయి, దాన్ని తీసేసి అప్పటికే నాలుగేళ్లయింది. సీనియర్ల రికార్డులోంచి జూనియర్లు, వాళ్ల రికార్డులోంచి ఇంకో బ్యాచి ఎత్తిరాస్తూ వచ్చారు. మోటారు పోయింది, దాని రీడింగులు మాత్రం బ్యాచి నుంచి బ్యాచికి నడుస్తున్నాయి.

ఫీల్డ్ రియోస్టాట్ అంటే మోటారులో అయస్కాంతాన్ని పుట్టించే ఫీల్డు కరెంటుని తగ్గించి పెంచే రెసిస్టెన్స్. ఆ కుర్రాణ్ని అడిగాను. "ఫీల్డ్ రియోస్టాట్ ఎక్కడ పెట్టి స్టార్ట్ చేస్తావు?" "మినిమంలో సార్," అన్నాడు టక్కున. సరైన జవాబే. "మరి పెట్టు" అన్నాను. జారుడు పట్టుకుని రెండో కొసకి, అంటే పూర్తి రెసిస్టెన్స్ పడే వైపుకి లాగాడు. అలాగే స్విచ్చి వేస్తే ఫీల్డు బలహీనంగా ఉండి మోటారు వేగం హద్దు దాటుతుంది. చెయ్యి పట్టుకుని ఆపాను. రెండు తీగలు ఏ టెర్మినళ్లకు కలిపామో చూస్తే గానీ మినిమం ఎటువైపో తెలియదు. ఆ పిల్లవాడికి ఆ మాట తెలుసు, వస్తువు తెలియదు. అతని తప్పేమీ లేదు. ముప్పై మంది బ్యాచికి పనిచేసే మోటారు ఒక్కటే. చొరవ ఉన్న ఇద్దరు కనెక్షన్ ఇస్తారు, నలుగురు మీటర్లు చూస్తారు, తక్కినవాళ్లు వెనక నిలబడి రాసుకుంటారు. గట్టు మీద నిలబెట్టి ఈత నేర్పినట్టే మూడేళ్లు గడిచిపోయాయి. పైగా ఆ రోజు బయట నుంచి వచ్చిన పరీక్షాధికారికి ఒక్క పూటలో అరవై మందిని చూడాలి. ఒక్కొక్కరికి రెండు ప్రశ్నలు, రికార్డు మీద ఒక సంతకం.

ఈ పరిస్థితి ఎందుకొచ్చిందంటే, మనది అనుబంధ కాలేజీల పద్ధతి. ఒడిశాలో ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలు చాలావరకు బిజూ పట్నాయక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కిందికి వస్తాయి. 2002లో రూర్కెలాలో పెట్టారు. రాష్ట్రానికి ఉత్తరపు కొసన ఆ విశ్వవిద్యాలయం, దక్షిణపు కొసన మనం. పాఠం చెప్పేది ఒకరు, పేపరు ఇచ్చేది ఇంకొకరు, దిద్దేది మరొకరు. దిద్దేవాళ్లకు పిల్లవాడి ముఖం తెలియదు, వాడి చెయ్యి ఎలా పని చేస్తుందో అసలే తెలియదు. అన్ని కాలేజీలకూ ఒకే పేపరు ఇవ్వాలి కాబట్టి అందరూ ఒకేలా రాయగలిగే ప్రశ్నలే వస్తాయి. నిర్వచనాలు, సూత్రం రాబట్టడాలు, పాత పేపర్లో ఉన్నదే కొత్త అంకెలతో. సరిహద్దుకి అటు పక్క శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని అనుబంధ కాలేజీల్లో కూడా ఇదే తీరు. విశ్వవిద్యాలయం పేరొక్కటే వేరు.

ఈ సంగతి పైవాళ్లకు తెలియక కాదు. 2020 జాతీయ విద్యావిధానంలోనే పదిహేనేళ్లలో అనుబంధ పద్ధతిని దశలవారీగా ఎత్తేసి, కాలేజీలకు స్వయంప్రతిపత్తి ఇవ్వాలని రాశారు. దిశ సరైనదే. కానీ ఒక జాగ్రత్త అవసరం. ప్రశ్న పేపరు చేతికి రాగానే మార్కులు ధారాళంగా వేసి, మా పిల్లలకు తొంభై శాతం అని బోర్డులు పెట్టుకునే కాలేజీలు కూడా ఉంటాయి. స్వయంప్రతిపత్తితో పాటు బయటివాళ్ల చేత చేయించే ప్రాక్టికల్ పరీక్ష గట్టిగా ఉండకపోతే, ఇప్పుడున్న కాస్త అదుపు కూడా పోతుంది. నా మట్టుకు నేను ఇలా చేస్తాను: రాతపరీక్ష కాలేజీకి వదిలేసి, ప్రాక్టికల్‌ని మాత్రం బయటివాళ్ల చేతిలో పెడతాను. ఇప్పుడు జరుగుతున్నది దానికి తలకిందులు: రాతపరీక్ష బయటివాళ్లది, ప్రాక్టికల్‌కి బయటివాళ్లు వచ్చినా పేరుకే.

సిలబస్ పాతబడిందని చాలామంది అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. 2018లో ఏఐసీటీఈ, అంటే దేశంలో సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ, మాదిరి పాఠ్యప్రణాళిక ఇచ్చింది. డిగ్రీకి కావాల్సిన మొత్తం క్రెడిట్లను, అంటే చదువు బరువుని కొలిచే లెక్కను, 160కి తగ్గించారు, మొదట్లో మూడు వారాల పరిచయ కార్యక్రమం పెట్టారు, ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. చదివితే బాగానే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మరు వందేళ్ల క్రితం ఏ సూత్రం మీద పని చేసిందో ఇవాళా దాని మీదే పని చేస్తోంది, అది పాతదయ్యే పాఠం కాదు. చేర్చాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇప్పుడు ప్రతి మిల్లులోనూ మోటారు వెనక వేగం మార్చే డ్రైవు ఉంటుంది, ప్రతి ఊళ్లోనూ సోలార్ ఇన్వర్టర్ ఉంటుంది. వాటిని విప్పి చూపించే ల్యాబులు మాకు లేవు. కానీ కొత్త సిలబస్‌ని పాత పద్ధతిలోనే పరీక్షిస్తే డ్రైవుల మీద కూడా నిర్వచనాలే రాయిస్తాం.

ఇప్పుడు భాష సంగతి. మీవాడి విషయంలో ఇది ముఖ్యం, కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను.

కొన్నేళ్ల క్రితం నా క్లాసులో గుణుపూరు వైపు నుంచి వచ్చిన తెలుగు కుర్రాడు ఉండేవాడు. ఎలక్ట్రికల్ మెషీన్స్ మూడుసార్లు తప్పాడు. మిగతా మాస్టార్లు అతన్ని వదిలేశారు. ఒకరోజు హాస్టల్ సంపు మీదున్న మూడు హెచ్‌పీ పంపు మోటారు కాలిపోయింది. కవరు విప్పాం. ఆ కుర్రాడు వచ్చి వంగి వాసన చూశాడు, వేలితో కాయిళ్ల కొసలు తడిమాడు. రెండు ఫేజుల కాయిళ్లు మసిబారి ఉన్నాయి, మూడోది వార్నిష్ మెరుపు కూడా పోకుండా ఉంది. "లైనులో ఒక ఫేజు పోయింది సార్. ఇది స్టార్ కనెక్షన్. డెల్టా అయితే ఒక్కటే మాడేది, రెండు బాగుండేవి," అన్నాడు.

మూడు ఫేజుల్లో ఒకటి పోవడాన్ని సింగిల్ ఫేజింగ్ అంటారు. దాని గురించి ఇంతకన్నా మంచి జవాబు నేను ఏ జవాబు పత్రంలోనూ చూడలేదు. స్టార్, డెల్టా అంటే మోటారులోని మూడు వైండింగుల్ని కలిపే రెండు పద్ధతులు. స్టార్‌లో ఒక లైను పోతే కరెంటు మిగతా రెండు వైండింగుల్లోంచి వరసగా వెళ్తుంది, అవి మాడతాయి. మూడోదానిలో కరెంటే ఉండదు. డెల్టాలో మిగిలిన రెండు లైన్ల మధ్య నేరుగా ఉన్న వైండింగు మీదే భారమంతా పడుతుంది. "ఎందుకలా?" అని అడిగితే నేల మీద సుద్దతో గీసి చూపించాడు, తెలుగులో. వాళ్ల నాన్నది మోటారు రివైండింగ్ షాపు. పదేళ్ల వయసు నుంచి అక్కడే కూర్చున్నాడు. అతను తప్పిన ప్రశ్న ఏమిటో తెలుసా? త్రీ ఫేజ్ ఇండక్షన్ మోటారు టార్క్ సూత్రం రాబట్టడం, ఇంగ్లీషులో, రెండు పేజీలు.

ఆ సంవత్సరం రోజూ సాయంత్రం అతని చేత ముందు తెలుగులో చెప్పించేవాణ్ని. తర్వాత అదే విషయాన్ని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో రాయించేవాణ్ని. నాలుగోసారి గట్టెక్కాడు. ఇప్పుడు రాయగడ జిల్లాలో ఒక ప్లాంటులో మోటార్ల సెక్షను చూస్తున్నాడు. నేను పట్టుకోకపోయి ఉంటే మన పద్ధతి అతన్ని పనికిరానివాడని ఇంటికి పంపేది. ఇలాంటివాళ్లు ఇంకెంతమంది వెళ్లిపోయారో అని తలుచుకుంటే ఇవాళ్టికీ బాధేస్తుంది.

2021లో ఏఐసీటీఈ ప్రాంతీయ భాషల్లో ఇంజినీరింగ్ చెప్పుకోవచ్చని అనుమతి ఇచ్చింది, అందులో తెలుగూ ఒడియా రెండూ ఉన్నాయి. పుస్తకాల అనువాదాలు కూడా వస్తున్నాయి. మంచి ప్రయత్నమే. కానీ మన సరిహద్దు పిల్లల కథ వేరు. మీవాడు తెలుగు మాట్లాడతాడు, చదవడం మాత్రం ఒడియాలో అలవాటు. తెలుగు పుస్తకం ఇస్తే కూడబలుక్కోవాలి. ఒడియా పుస్తకంలో భాష బడిది, ఇంటిది కాదు. మా క్లాసుల్లో ఇంట్లో సవర అనే గిరిజన భాష మాట్లాడే పిల్లలు ఉంటారు, వాళ్లకి ఇంగ్లీషు నాలుగో భాష. పైగా అనువాదాల్లో ఎవరి నోటా వినని మాటలు పెడితే పిల్లవాడు ఇంగ్లీషు బదులు ఇంకో కొత్త భాష నేర్చుకోవాల్సి వస్తుంది. షాపులో మోటారు, కాయిలు, ఫేజు, బేరింగు అంటారు. పుస్తకంలోనూ అవే ఉండాలి. పర్లాకిమిడిలోనే ఉండి, రాజావారి బళ్లో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు గారు వందేళ్ల క్రితం పోరాడింది దీనికోసమే కదా, జనం మాట్లాడే భాషలో చదువు ఉండాలని. ఆయన సవర నేర్చుకుని ఆ పిల్లల కోసం వాచకాలు రాశారు. అదే ఊళ్లో ఇవాళ మనం పిల్లవాడి నోట మాట రాకపోతే తెలివి లేదనుకుంటున్నాం.

నేను కోరేది చిన్న మార్పు: వైవా, అంటే నోటితో అడిగే పరీక్ష, పిల్లవాడికి వచ్చిన భాషలో ఉండాలి. రాతపరీక్ష ఇంగ్లీషులోనే ఉండనివ్వండి, ఉద్యోగంలో మాన్యువళ్లు చదవాలి, ఇంగ్లీషు తప్పదు. కానీ విషయం తెలుసో లేదో తేల్చే చోట భాష అడ్డం రాకూడదు. దీనికి పైసా ఖర్చు లేదు.

ల్యాబ్ ఎలా ఉండాలని అడిగితే నాకు 2018 అక్టోబరే గుర్తొస్తుంది. ఆ నెల 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గజపతి జిల్లా, శ్రీకాకుళం జిల్లా రెండూ అల్లాడిపోయాయి. వంశధార, మహేంద్రతనయ పొంగి పొలాల్లో పంపుసెట్లు మునిగిపోయాయి. స్తంభాలు పడిపోయి కరెంటు లేదు. కాలేజీ సెలవులు. ఊళ్లో ఉండిపోయిన పిల్లలు ఏడుగురు నా దగ్గరికి వచ్చారు. రైతులు బురద కారుతున్న మోటార్లు బండ్ల మీద తెచ్చి, "మాస్టారూ, ఇవి బతుకుతాయంటారా?" అని అడుగుతున్నారు. రివైండింగ్ షాపుల్లో వరస కట్టి ఉన్నారు, వాళ్ల రేట్లు ఆ వారంలో రైతులు ఇచ్చుకోలేరు.

పద్నాలుగు మోటార్లు తీసుకున్నాం. విప్పి, మంచినీళ్లతో బురద కడిగి, ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచే మెగ్గర్ పెట్టి చూస్తే ముల్లు సున్నా దగ్గరే. 415 వోల్టుల మోటారుకి కనీసం ఒకటిన్నర మెగోమ్ అయినా చూపించాలని మాకో మోటు లెక్క ఉంది, కిలోవోల్టులకు ఒకటి కలపడం. చెక్కపెట్టెల్లో 200 వాట్ల బల్బులు వేలాడగట్టి, పైన గోనెపట్టాలు కప్పి, కాలేజీ జనరేటర్ మీద ఆరబెట్టాం. నాలుగు గంటలకోసారి రీడింగు. మొదటి రాత్రి పిల్లలు కంగారుగా ఫోన్ చేశారు, "సార్, వేడెక్కాక రీడింగు ఇంకా తగ్గిపోయింది!" అని. వేడికి ఇన్సులేషన్ రెసిస్టెన్స్ ముందు తగ్గుతుంది, తేమ బయటికి పోయేకొద్దీ మళ్లీ పెరుగుతుంది. ఆ గీత కిందకి దిగి పైకి లేవడం పుస్తకాల్లో ఉంటుంది. వాళ్లు దాన్ని రాత్రంతా కూర్చుని చూశారు. మూడో రోజుకి పదకొండు మోటార్లు తిరిగాయి. మూడు మాత్రం రివైండింగ్‌కి వెళ్లక తప్పలేదు.

కాలేజీ తెరిచాక ఆ ఏడుగురూ రిపోర్టు రాశారు. ఒక్కో మోటారుకి ఒక్కో గీత, ఎక్కడ ఏ పొరపాటు చేశారో కూడా రాసుకున్నారు. ఎవరి రీడింగులు వాళ్లవి, ఎత్తిరాయడానికి సీనియర్ రికార్డు లేదు. నేను దాన్ని ప్రయోగంగా లెక్కేసి మార్కులు వేద్దామనుకున్నాను. కుదరలేదు. విశ్వవిద్యాలయం ఇచ్చిన పది ప్రయోగాల జాబితాలో అది లేదు. ఆ పిల్లలు మళ్లీ కూర్చుని, కాలిపోయి తీసేసిన మోటారు రీడింగులతో రికార్డు నింపుకోవాల్సి వచ్చింది. ఆ రోజు నాకు కలిగిన కోపం ఇంకా తగ్గలేదు. మీ ప్రశ్నకి నేను ఇంత గట్టిగా పరీక్ష మారాలని అనడానికి ఇదే కారణం.

మార్చడం కష్టమేమీ కాదు. పది ప్రయోగాల్లో ఆరు జాబితాలోంచి, నాలుగు ఆ జిల్లాలో దొరికే నిజమైన పని మీద ఉండాలని ఒక్క ఉత్తర్వు చాలు. రికార్డుకి మార్కులు తీసేసి, పరీక్ష రోజు లోపం పెట్టిన యంత్రం ముందు నిలబెట్టి "ఏం పోయిందో చెప్పు" అనడం చాలు. ఐటీఐల్లో ఇలాంటి పరీక్ష ఎప్పట్నుంచో ఉంది. డిగ్రీకి వచ్చేసరికి అది ఎందుకు తక్కువ పనిగా మారిందో నాకు అర్థం కాదు.

మాస్టార్ల గురించి కూడా అడిగారు. మావైపు లోపం ఉంది, దాచను. ఎంటెక్ అవగానే నేరుగా క్లాసుకి వచ్చినవాళ్లే ఎక్కువ, మిల్లు గేటు లోపల అడుగు పెట్టనివాళ్లు. కానీ వాళ్ల బతుకు కూడా చూడండి. చిన్న ఊళ్ల ప్రైవేటు కాలేజీల్లో జీతాలు రెండు మూడు నెలలు ఆగడం మామూలే. నేను పనిచేసిన ఒకచోట ఐదు నెలలు ఆగింది. 2018లో ఇరవై మంది పిల్లలకు ఒక మాస్టారు ఉంటే చాలని నిబంధన సడలించారు, అంతకుముందు పదిహేను మందికి ఒకరు ఉండాలి. దాంతో అప్పటికే బరువుగా ఉన్న పని ఇంకా పెరిగింది. గుర్తింపు కోసం నింపే కాగితాలు వేరే. ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో 2014లో మన దేశం పూర్తి సభ్యత్వం తీసుకుంది. పిల్లవాడు చదువయ్యాక ఏం చేయగలడో చూడాలన్నదే దాని ఉద్దేశం, ఎంతో మంచి ఉద్దేశం. కింద మా దగ్గరికి వచ్చేసరికి అది పెద్ద పెద్ద పట్టికల్లో 1, 2, 3 అంకెలు నింపడంగా మిగిలింది. నేను ల్యాబ్‌లో ఉండాల్సిన వారాలు ఆ పట్టికల ముందు గడిచాయి.

తనిఖీ వస్తోందంటే ఇంకో కాలేజీలో ఏం జరిగిందో చెబుతాను. మూడు మోటార్లకి బేరింగులు మార్చాలని ఏడాదిగా రాస్తున్నాను. తనిఖీకి వారం ముందు ల్యాబ్ మొత్తానికి రంగు వేయించారు. నా మూడు మోటార్లకి కూడా పచ్చ రంగు పడింది, బేరింగులు రాలేదు. వచ్చినవాళ్లు ఎన్ని మోటార్లు ఉన్నాయో లెక్కపెట్టుకున్నారు. ఒక్క స్విచ్చి వేసి చూడమని ఎవరూ అనలేదు.

ఒక మంచి అవకాశం చేతికి అందేలా ఉంది, వాడుకుంటే. 2022లో విశ్వవిద్యాలయాలను చూసే కేంద్ర సంస్థ యూజీసీ, వృత్తిలో కనీసం పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాళ్లను ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్‌గా తీసుకోవచ్చని మార్గదర్శకాలు ఇచ్చింది. మంజూరైన పోస్టుల్లో పది శాతం దాకా. వృత్తిలో గొప్ప అనుభవం ఉంటే డిగ్రీ పట్టా తప్పనిసరి కాదని కూడా అందులో ఉంది. నగరాల్లో దీని కింద పెద్ద కంపెనీల అధికారుల్ని పిలుస్తున్నారు. మన దగ్గర కావాల్సింది వాళ్లు కాదు. రాయగడ జేకేపూర్ కాగితపు మిల్లులోనో, థేరుబలి ఫెర్రో ఎల్లాయిస్‌లోనో, దామన్‌జోడిలోని నాల్కో అల్యూమినా ప్లాంటులోనో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన ఫోర్‌మన్లు మన ఊళ్లలోనే ఉన్నారు. వారానికి రెండు మధ్యాహ్నాలు ఒక్కాయన వచ్చి ల్యాబ్‌లో నిలబడితే చాలు.

బ్రాంచి గురించి క్లుప్తంగా. అందరూ కంప్యూటర్ సైన్స్ అంటున్నారు. 2018లో ఏఐసీటీఈ వేసిన బీవీఆర్ మోహన్ రెడ్డి గారి కమిటీ, సీట్లు సగం ఖాళీగా ఉంటున్నాయి కాబట్టి 2020 నుంచి కొత్తవి పెంచొద్దని చెప్పింది. తర్వాత ఆ ఆంక్ష పోయింది. 2024-25 నుంచి బాగా నడుస్తున్న కాలేజీలకు ఒక్కో బ్రాంచిలో సీట్ల పరిమితి కూడా తీసేశారు. ఫలితంగా పెద్ద ఊళ్ల కాలేజీలు కంప్యూటర్ సీట్లు పెంచుకున్నాయి, చిన్న ఊళ్లలో మెకానికల్, ఎలక్ట్రికల్, సివిల్ బ్రాంచీలు చిక్కిపోతున్నాయి. మీవాడికి కోడ్ రాయడం నిజంగా ఇష్టమైతే అదే చదవనివ్వండి. ఇష్టమో కాదో తెలియక గుంపుతో పాటు వెళ్తుంటే మాత్రం ఒకసారి మన చుట్టూ చూడమనండి. 1955 నుంచి నడుస్తున్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం, అలాంటివే బలిమెల, ఎగువ కొలాబ్ కేంద్రాలు, సునాబెడాలో విమాన ఇంజన్లు చేసే హెచ్ఏఎల్, ఛత్రపురంలో ఇసుక ఖనిజాలు తీసే ఐఆర్ఈఎల్. ఇవన్నీ మనకు ఒక రోజు ప్రయాణంలో ఉన్నవే. వీటిని నడిపేది మెకానికల్, ఎలక్ట్రికల్ లాంటి కోర్ బ్రాంచీల పనే. ఉద్యోగం రాసిపెట్టి ఉందని నేననను, గేట్ లాంటి పోటీ పరీక్షలో దేశమంతటితో పోటీ పడాలి. కానీ పని తెలిసినవాడికి ఇక్కడ చోటుంది.

ఇంటర్న్‌షిప్ విషయంలో మోసపోకండి. ఫోన్లో రెండు వేలు పంపితే నెల రోజుల సర్టిఫికెట్ పంపేవాళ్లు ఉన్నారు. నా పిల్లల్లో సగం మంది అలాంటివి తెచ్చారు, కాలేజీ తీసుకుంది. దాని బదులు చదువయ్యాక ఒక ఏడాది అప్రెంటిస్‌గా చేరమనండి. నాట్స్ అనే కేంద్ర పథకం ఉంది, దాని పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. స్టైపెండ్ తక్కువే. 2019 నిబంధనల్లో గ్రాడ్యుయేట్లకు నెలకు కనీసం 9,000 రూపాయలని పెట్టారు. అయినా ఆ ఏడాది నేర్పేది నాలుగేళ్లలో రానిది.

ఆంధ్రలో చేర్పిద్దామనుకుంటే ఒక మాట. అక్కడ ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ సీట్లలో 85 శాతం స్థానికులకే, మిగిలిన 15 శాతానికీ నివాస షరతులు ఉంటాయి. ఒడిశాలోనే పుట్టి చదివిన మన తెలుగు పిల్లలకు మామూలుగా మేనేజ్‌మెంట్ కోటాయే మిగులుతుంది, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉండదు. సరిహద్దు దాటి పాతపట్నం వైపు వెళ్తే చాలు కదా అని ముందే మనసు పెట్టుకోకండి, లెక్క వేసుకోండి. ఒడిశాలో జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఓజేఈఈ అనే రాష్ట్ర ప్రవేశాల కౌన్సెలింగ్ ఉంటుంది.

కాలేజీ చూడ్డానికి వెళ్లేటప్పుడు సెలవు రోజు వెళ్లకండి, మామూలు రోజు మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి. ల్యాబులు నడిచే వేళ అది. ఆఫీసులో కూర్చోబెట్టి రంగు పుస్తకం ఇస్తారు, తీసుకుని ల్యాబ్ చూపించమనండి. తాళం కోసం వెతుక్కుంటే అర్థం చేసుకోండి. లోపల ల్యాబ్ టెక్నీషియన్ ఉన్నాడా చూడండి, మాస్టారికన్నా అతనే ముఖ్యం. అతన్ని పక్కకి పిలిచి, "ఈ ఏడాది ఎన్ని ఫ్యూజులు కొన్నారు?" అని అడగండి. ఫ్యూజు తీగ కొననక్కర్లేని ల్యాబ్‌లో పిల్లలు స్విచ్చి వేయడం లేదన్నమాట. స్క్రూడ్రైవర్ల పిడులు అరిగి ఉంటే, బల్లల మీద కాలిన మచ్చలుంటే అది మంచి ల్యాబ్. మూడో ఏడాది పిల్లలిద్దర్ని క్యాంటీన్ దగ్గర పలకరించి, చివరిసారి వాళ్ల చేతుల్లో ఏది పాడైంది, దాన్ని ఎలా బాగుచేశారు అని అడగండి. చెబుతూ వాళ్ల ముఖం వెలిగితే చేర్పించండి.

ఇంకొక్కటి. కౌన్సెలింగ్‌కి ఇంకా టైముంటుంది. ఈలోగా అబ్బాయిని మీ ఊళ్లో ఏదైనా రివైండింగ్ షాపులోనో, మోటారు మెకానిక్ దగ్గరో పదిహేను రోజులు కూర్చోనివ్వండి. జీతం అడగొద్దు, అవసరమైతే టీ ఖర్చు మీరే పెట్టుకోండి. పదిహేనో రోజు రాత్రి భోంచేసేటప్పుడు, ఆ షాపులో ఏం చూశావురా అని అడగండి. పది నిమిషాలు ఆపకుండా చెప్పాడనుకోండి, ఏ బ్రాంచి అన్నది వాడే తేల్చుకుంటాడు. ముభావంగా రెండు మాటలు చెప్పి లేచిపోతే నాకు మళ్లీ రాయండి, వాడికి ఏది నచ్చుతుందో చూద్దాం.